నాడె, నూలు, నిరీక్షణ

చదువవలసిన వాక్యభాగములు: నిర్గమకాండము 39:1–7, యెహోషువ 2:1–21, యోబు 7:1–6, యెషయా 38:9–20

పెండ్లి చీరె అంచునందలి జరీ ఎక్కడిదని అడిగినయెడల, ధర్మవరమైనను గద్వాలయైనను కంచియైనను, నేతగాడు తరచుగా చెప్పు పేరు సూరతు. గుజరాతు రాష్ట్రములో తపతీ నదీతీరమున నున్న ఈ పట్టణము తరతరములుగా జరీకి పుట్టినిల్లు. అక్కడ వెండిని సన్నని తీగగా సాగదీసి, ఆ తీగను చదునుచేసి, పట్టునూలు చుట్టును చుట్టి, దానికి బంగారు పూత పూయుదురు. ఇది అసలైన జరీ. వెండికి బదులు రాగి వాడునది నకిలీ జరీ. నేడు బజారులో హెచ్చుగా అమ్ముడుపోవునది లోహపు మెరుపు నెక్కించిన ప్లాస్టిక్కు జరీ.

పరిశుద్ధ గ్రంథములోను బంగారు పోగులున్నవి. నిర్గమకాండము 39వ అధ్యాయము మూడవ వచనములో, అహరోను ధరింపవలసిన ఏఫోదు నిమిత్తము పనివారు బంగారమును రేకులుగా కొట్టి, ఆ రేకులను తీగలుగా కత్తిరించి, నీల ధూమ్ర రక్తవర్ణముల నూలుతోను సన్ననారతోను కలిపి నేసిరని వ్రాయబడియున్నది. ఈ వచనమును చదివిన భక్తునికి సహజముగా ఒక ప్రశ్న కలుగును. ఈ బంగారు పోగునకు లోతైన ఆత్మీయార్థమేదైనను కలదా? కలిగినయెడల దానిని కనుగొను మార్గమేది?

జరీని చూపి చేయదగిన ప్రసంగమొకటి సుళువుగా తోచును. లోపల మెత్తని పట్టు, అది మానవ స్వభావము. పైన బంగారము, అది దైవస్వభావము. రెండును విడదీయరానివిగా ఒకే పోగైనవి గనుక ఇది క్రీస్తు ప్రభువునకు సాదృశ్యము అని బోధకుడు చెప్పవచ్చును. వినుటకు ఇంపుగానే యుండును. అయితే నిర్గమకాండములోని పోగునకు లోపల పట్టులేదు. అది రేకునుండి కత్తిరింపబడిన, ఆసాంతము బంగారమైన పోగు. ఆ బోధకుడు వ్యాఖ్యానించినది మోషే గ్రంథమును కాదు, సూరతు కార్ఖానాను. పైగా, పట్టుకు పైపూతగా బంగారమన్న ఉపమానమును కొంచెము ముందుకు లాగినయెడల, క్రీస్తుయొక్క దైవత్వము పైకి మాత్రమే కనబడు మెరుపన్న దుర్బోధకు దారితీయును. వస్తువును సరిగా తెలిసికొనకపోవుటవలన సిద్ధాంతమే చెడుట ఇట్లు జరుగును.

రంగుల విషయమును చూడుడి. ప్రత్యక్షపు గుడారమును గూర్చిన మన పుస్తకములలో నీలము పరలోకమునకు, ధూమ్రము రాజరికమునకు, రక్తవర్ణము బలికి, తెల్లని సన్ననార పవిత్రతకు గుర్తులని చదువుచుందుము. ఇది స్థిరపడిన అర్థమని అనేకులు తలంచుదురు. అయితే మొదటి శతాబ్దపు యూదులైన ఫిలోయు జోసీఫసును ఇదే నాలుగింటిని చూచి వేరొక అర్థము చెప్పిరి. నార భూమినుండి మొలచు అవిసెనుండి వచ్చును గనుక అది భూమి, ధూమ్రవర్ణము సముద్రపు గవ్వజీవియొక్క రక్తమునుండి తీయబడును గనుక అది జలము, నీలము వాయువు, ఎరుపు అగ్ని. ఒకే గుడ్డనుండి ఒకరికి పంచభూతములలో నాలుగును, వేరొకరికి క్రీస్తు జీవితములోని నాలుగు అంశములును దొరికినవి. మోషే ఈ రెండింటిలో దేనిని చెప్పెనని అడిగినచో, ఏదియు చెప్పలేదనుటయే నిజము.

అట్లని పరిశుద్ధ గ్రంథము సాదృశ్యములను ఎరుగదని కాదు. హెబ్రీయులకు వ్రాయబడిన పత్రిక పదియవ అధ్యాయము ఇరువదియవ వచనములో అడ్డతెర ప్రభువుయొక్క శరీరమని స్పష్టముగా చెప్పబడినది. ప్రకటన గ్రంథము పందొమ్మిదవ అధ్యాయములో గొఱ్ఱెపిల్ల భార్య ధరించిన సన్ననారబట్ట పరిశుద్ధుల నీతిక్రియలని ఆ గ్రంథమే అర్థము చెప్పుచున్నది. పౌలు గలతీయులకు వ్రాయుచు హాగరును శారాను రెండు నిబంధనలుగా చూపించెను. అపొస్తలులు తొక్కిన బాట మనకు నిషిద్ధము కానేరదు. అయినను హెబ్రీ పత్రికా రచయితయొక్క నిగ్రహమును గమనింపవలెను. తొమ్మిదవ అధ్యాయములో దీపస్తంభమును, బల్లను, మందసమును, కెరూబులను వరుసగా పేర్కొని, వాటిని గూర్చి ఒక్కొక్కటిగా వివరించుట ఇప్పుడు వీలుకాదని చెప్పి ముందుకు సాగిపోయెను. అందరికంటె హెచ్చుగా చెప్పుటకు అధికారముగల వాడు ఆగినచోట, వందల పుటల వివరణలు వెలువడినవి!

ఇంతకు బంగారు పోగు సంగతి? రంగుల పట్టికను ప్రక్కనబెట్టి, నిర్గమకాండమునే వెనుకకు త్రిప్పి చదివినయెడల మెరుగైన జవాబు దొరకును. ఈ బంగారము ఎక్కడిది? ముప్పదియైదవ అధ్యాయము ఇరువది రెండవ వచనము చెప్పుచున్నది: స్త్రీలును పురుషులును మనఃపూర్వకముగా తెచ్చిన పోగులును ఉంగరములును ఇతర నగలును. దానికి మూడు అధ్యాయముల ముందు, అదే ప్రజలు తమ చెవిపోగులను తీసి అహరోను చేతికిచ్చిరి. వాటితో అతడు దూడను పోతపోసెను. ఆ దూడ కాల్చబడి పొడిచేయబడెను. ఇప్పుడు ప్రజలు మరల చెవిపోగులు తెచ్చిరి. ఈసారి ఆ బంగారము సన్నని పోగులై, దూడను చేసిన ఆ అహరోను ధరింపవలసిన ఏఫోదులోనే నేయబడినది. తన పాపమునకు పనిముట్టైన లోహమునే ధరించి, ఇశ్రాయేలు గోత్రముల పేళ్లను భుజములమీద మోసికొని అతడు దేవుని సన్నిధికి వెళ్లవలసియుండెను. ఈ అర్థము కొరకు బయటినుండి తేవలసినదేదియు లేదు. కథను మొదటినుండి చివరివరకు చదువు ఓర్పు ఒక్కటియే కావలెను.

సంఘచరిత్రలో ఈ చర్చ ప్రాచీనమైనది. అలెక్సంద్రియ పండితులు అక్షరార్థము వెనుకనున్న గూఢార్థమును వెదకిరి. అంతియొకయ పండితులు చరిత్రను విడిచిన అర్థమును అనుమానించిరి. మంచి సమరయుని ఉపమానమును ఒరిగెను వివరించిన తీరు ప్రసిద్ధము: దొంగలచేత కొట్టబడినవాడు ఆదాము, యెరూషలేము పరదైసు, యెరికో లోకము, సమరయుడు క్రీస్తు, పూటకూళ్ల యిల్లు సంఘము. అగస్టీను మరియొక అడుగు వేసి, ఆ యింటివాడు అపొస్తలుడైన పౌలని చెప్పెను. ఇందులోని ప్రతి మాటయు రక్షణ సిద్ధాంతమునకు అనుకూలమే. లోపమెక్కడ? నా పొరుగువాడెవడని అడిగిన ధర్మశాస్త్రోపదేశకునికి ప్రభువు చివరకు ఇచ్చిన ఆజ్ఞ, నీవు వెళ్లి అట్లు చేయుమన్నది, ఈ వివరణలో వెనుకబడిపోయినది. దారిలో పడియున్నవాడు ఆదామైపోవుటతో, మన వీధిలో పడియున్నవాడు కనుమరుగయ్యెను. కాల్విను తన వ్యాఖ్యానములో ఈ రీతిని త్రోసివేసెను. లూథరు సన్యాసిగానున్న దినములలో ఇట్టి గూఢార్థములలో ఆరితేరినవాడైయుండి, తరువాత వాటిని చాలవరకు విడిచెను. అయితే సంస్కర్తలు విడిచినది ఆత్మీయార్థమును కాదు. అక్షరార్థమును దాటవేయు ఆత్మీయార్థమును.

ఇందుకు రాహాబు త్రాడు తగిన పరీక్ష. ఆమె కిటికీకి కట్టిన ఎఱ్ఱని దారము క్రీస్తు రక్తమునకు గుర్తని రోమాపుర క్లెమెంటు మొదటి శతాబ్దాంతమున వ్రాసెను. ఎరుపు కనబడినచోటనెల్ల రక్తమనుట బాలిశమని ఆధునిక పండితులు కొందరు నవ్వుదురు. క్రొత్త నిబంధనలో హెబ్రీ పత్రికయు యాకోబు పత్రికయు రాహాబును పేర్కొన్నవి గాని, త్రాడు ప్రస్తావన రెండింటను లేదు. మరి క్లెమెంటు పొరబడెనా? యెహోషువ రెండవ అధ్యాయమును నిర్గమకాండము పండ్రెండవ అధ్యాయము ప్రక్కన ఉంచి చదువుడి. పస్కా రాత్రి గుర్తుగల యింటిలో కుటుంబమంతయు కూడియుండవలెను, ఎవడును తలుపు దాటి వెలుపలికి పోరాదు. యెరికోలోను గుర్తుగల యింటిలో కుటుంబమంతయు కూడియుండవలెను. తలుపు దాటి వీధిలోనికి పోయినవాని రక్తము వాని తలమీదనే యుండును. యెరికోలోని కనాను స్త్రీ యింటిలో మరియొక పస్కా జరుగుచున్నదని గ్రంథకర్త చూపుచున్నాడు. క్లెమెంటు చేరిన గమ్యము ఒప్పే. అతడు రంగును పట్టుకొని నడచెను, కథ నిర్మాణము ఇంకను భద్రమైన దారి.

అంతేకాదు. ఆ త్రాడునకు యెహోషువ 2:18లో వాడబడిన హెబ్రీ మాట తిక్వా. పరిశుద్ధ గ్రంథములో మిగిలిన చోట్ల ఈ మాటకు అర్థము నిరీక్షణ. పోగులను పేనినట్టు బిగించుట, ఎదురుచూచుట అను భావములు ఈ ధాతువు చుట్టు అల్లుకొనియున్నవి. కాబట్టి హెబ్రీ చదువరి చెవిలో రాహాబు తన కిటికీకి కట్టినది త్రాడు మాత్రమే కాదు. తెలుగు అనువాదకునికి ఇక్కడ చిక్కు కలదు. నిరీక్షణ అను మన మాటలో ఈక్షణ మున్నది, అనగా చూపు. హెబ్రీయుని నిరీక్షణ చేతికి తగులు పోగు. మనది కంటితో చూచు ఎదురుచూపు. ఇక మన పలుకుబడిలో ఆశకును త్రాటికిని సంబంధము కలిగినచోట అది ఆశాపాశమై మనుష్యుని బంధించును. రాహాబునకు విడుదలయైనది మనకు ఉరియైనది. ఈ లోటును ఏ అనువాదమును పూర్తిగా తీర్చజాలదు. బోధకుడు నోటితో తీర్చవలసినదే.

ఈ మాటయే యోబు ఏడవ అధ్యాయము ఆరవ వచనములో మరల కనబడును. తన దినములు నేతగాని నాడెకంటె వేగముగా పరుగెత్తుచున్నవనియు, తిక్వా లేక ముగిసిపోవుచున్నవనియు యోబు మొఱ్ఱపెట్టుచున్నాడు. నాడె ప్రక్కన చేరిన ఈ మాట రెండు విధముల ధ్వనించును: నిరీక్షణ లేక అనియు, నూలు లేక అనియు. నాడెలోని కండె అయిపోయిన క్షణమున మగ్గము ఆగిపోవుట ఎరిగినవానికి ఈ శ్లేషను వివరింప నక్కరలేదు.

ప్రాచీన అనువాదకులు ఈ వచనముతో పెనుగులాడిరి. గ్రీకు పాత నిబంధనలో నాడె లేనేలేదు. యోబు బ్రదుకు మాటకంటె తేలికయైనదని అక్కడ చదువుదుము. లాటిను అనువాదములో, నేతగాడు నేసిన గుడ్డను కోసివేయుదానికంటె త్వరగా దినములు గడచెనని యున్నది. నాడె అని మనము చదువు హెబ్రీ మాట పాత నిబంధనలో రెండేసార్లు వచ్చుటయే ఇందుకు కారణము. రెండవ చోటు సమ్సోను తలవెండ్రుకలను దెలీలా మగ్గమునకు నేసిన న్యాయాధిపతులు 16:14. ఈ కష్టము సూరతునకు క్రొత్త కాదు. లండన్ మిషనరీ సొసైటీవారు 1815లో అక్కడ పని ప్రారంభించిరి. జేమ్స్ స్కిన్నరు, విలియం ఫైవీ అనువారు గుజరాతీలోనికి తెచ్చిన పరిశుద్ధ గ్రంథము 1820 దశకపు తొలి సంవత్సరములలో వెలువడెను. దానికి కొంత ముందు, 1805లో, అదే సొసైటీ తరపున విశాఖపట్టణమునకు వచ్చిన డెగ్రాంజెసు, ఆనందరాయరు సహాయముతో తెనిగించిన సువార్తలు 1812లో అచ్చయ్యెను. ఒకే సంఘమువారు రెండు భాషలలో, రెండు నేతపట్టణముల మధ్య, ఒకే గ్రంథమునకు మాటలు వెదకిరన్నమాట.

నేడు సూరతులో నాడెను చూచువారిలో మన తెలుగువారును కలరు. కరీంనగరు, వరంగల్లు, నల్గొండ ప్రాంతముల పద్మశాలి కుటుంబములు చేమగ్గముల పని తగ్గగా బొంబాయికి, భివండికి, షోలాపూరునకు, సూరతునకు వలసపోయి తరములు గడచినవి. ఒడిశాలోని గంజాం జిల్లానుండి వచ్చినవారితోను ఉత్తర దేశీయులతోను కలిసి మరమగ్గములయొద్ద పనిచేయువారు, రోజునకు పండ్రెండు గంటల పాళీలలో, నేసిన మీటరునకు ఇంత అని కూలి పొందుచుందురు. పెక్కు కార్ఖానాలలో నాడె కూడ మాయమగుచున్నది. నీటి ధారయే పేకనూలును మోసికొని పోవు యంత్రములు వచ్చినవి. ఆ యంత్రము నడుపు యువకునికి యోబు ఉపమానము అర్థము కావలెనన్నచో, అతని తాతను అడుగవలసియుండును.

ఇట్టి కార్మికునికి యోబు 7:6ను ఎట్లు బోధింపవలెను? సాధారణముగా వినబడునది ఇది: నాడె జీవితకాలము, పడుగు దేవుని సంకల్పము, పేక మన క్రియలు, జీవితము కొద్దిపాటిది, కాబట్టి సిద్ధపడుడి. జీవితము కొద్దిపాటిదన్నది సత్యమే, సిద్ధపడవలెనన్నదియు సత్యమే. అయితే యోబు చెప్పుచున్నది అదియేనా? అధ్యాయపు తొలి వచనములను చదువుడి. నరుని బ్రదుకు బలవంతపు కొలువు వంటిది. వాని దినములు కూలివాని దినములవంటివి. బానిస సాయంకాలపు నీడను కోరును. కూలివాడు తన కూలి కొరకు కనిపెట్టును. రెండవ వచనములోని ఈ కనిపెట్టుట అను క్రియ, ఆరవ వచనములోని తిక్వాయు ఒకే ధాతువునుండి పుట్టినవి. కూలి కొరకు ఎదురుచూచు చూపుతో మొదలైన పోగు, నాలుగు వచనముల తరువాత నాడెలో తెగిపోవుచున్నది. మధ్యలో నున్నదేమి? వ్యర్థమైన నెలలు, నిద్రలేని రాత్రులు, పురుగులు పట్టిన దేహము. యోబు ఫిర్యాదు జీవితము పొట్టిదని కాదు. ఎదురుచూచిన కూలి చేతికి రాకముందే నూలు అయిపోవుచున్నదని.

2020 మార్చి మాసాంతమున దేశమంతట రాకపోకలు నిలిపివేయబడినప్పుడు సూరతు మగ్గములు ఆగిపోయెను. ఏప్రిలులో వలస కార్మికులు తమ ఊళ్లకు పంపుమనియు, తమ కూలి ఇప్పింపుమనియు అడుగుచు వీధులలోనికి వచ్చిరి. యోబు ఏడవ అధ్యాయములోని రెండు వచనములు, రెండవదియు ఆరవదియు, ఆ వీధిలో ప్రక్కప్రక్కన నిలిచినవి. అట్టివారి మధ్య నాడెను కాలమునకు గుర్తు మాత్రమే చేసి కూలి మాటను మ్రింగివేయు బోధ, ఆత్మీయమని పేరు పెట్టుకొన్నను, వాక్యమునకు దూరమే. దీనికి ప్రతిగా, ఇది కార్మికుల సమస్య మాత్రమే, ఇందులో ఆత్మీయార్థమేదియు లేదనువారును యోబును సగమే చదివిరి. ఏలయనగా యోబు ఈ మాటలను యజమానునితో చెప్పలేదు. ఏడవ వచనమునుండి అతడు తిరిగి దేవునివైపు చూచి, జ్ఞాపకము చేసికొనుమని అడుగుచున్నాడు. నూలు అయిపోయినదన్న లెక్కను నూలు ఇచ్చినవాని ముందే పెట్టుచున్నాడు. అక్షరార్థము గుండా నడచినవానికే ఈ లోతు తెలియును. యోబు గ్రంథము ఆ మాటను అంతటితో విడువదు: నరకబడిన చెట్టునకైనను తిక్వా కలదని పదునాలుగవ అధ్యాయములో, నా తిక్వా ఏదని పదునేడవ అధ్యాయములో, దానిని చెట్టునువలె పెల్లగించెనని పందొమ్మిదవ అధ్యాయములో వచ్చును. విమోచకుడు సజీవుడన్న ఒప్పుకోలు ఆ పెల్లగింపు తరువాత పదునైదు వచనములకే వినబడుట గమనింపదగినది.

ఇక హిజ్కియా మాట. మరణకరమైన రోగమునుండి లేచిన ఆ రాజు, నేతగాడు గుడ్డను చుట్టినట్లు తన బ్రదుకును చుట్టితిననియు, దేవుడు తనను మగ్గమునుండి కోసివేయుచున్నాడనియు యెషయా 38:12లో చెప్పెను. అక్కడి హెబ్రీ మాట, గుడ్డ కోసిన తరువాత మగ్గముమీద మిగులు పడుగు కొసలను సూచించునది. మన నేతవారికి ఆ కొసలు బాగుగా తెలియును. గుడ్డ కోసిన పిమ్మట అచ్చులోనున్న పాత పోగులను పారవేయరు. క్రొత్త పడుగు పోగులను ఒక్కొక్కటిగా వాటికి అతికి, మరల నేత మొదలుపెట్టుదురు. కోత ముగింపు కాదు, మరియొక పడుగు అతుకబడునన్న మాట మరణము సంభవించిన నేతగాని యింట ఎంతటి ఆదరణ!

ఈ ఆదరణను బోధకుడు చెప్పవచ్చునా? చెప్పవచ్చును, అయితే అది యెషయా చెప్పిన అర్థము కాదనియు, మన మగ్గము నేర్పిన అన్వయమనియు ఎరిగి చెప్పవలెను. హిజ్కియా ఆ కొసలలో ఏ ఆశను చూడలేదు. మృతులు దేవుని సత్యమును కనిపెట్టజాలరని పదునెనిమిదవ వచనములో అతడే చెప్పుచున్నాడు. అతడు పొందిన జవాబు పదునైదు సంవత్సరముల ఆయుష్షు. క్రొత్త పడుగు మాటకు ఆధారము మొదటి కొరింథీయులకు పదునైదవ అధ్యాయములో నున్నది, అక్కడినుండియే తీసికొనవలెను. ఆ యింటిలో మొదట చదువవలసినది పదునాలుగవ వచనము: రాజు పక్షివలె కిచకిచలాడి, గువ్వవలె మూలిగి, కన్నులు క్షీణించువరకు పైకి చూచి, తన తరపున పూటయుండుమని యెహోవాను వేడుకొన్న వచనము. అచ్చులోని పోగుల మాట ఆ తరువాత చెప్పవచ్చును.